చెట్లు వదలకు

"కిందికి తోసేద్దామా, పైకి లాగుదామా?" అని అడిగాడు రోలండ్.

మోటారు రంపం ఆపేశాడు. గడ్డకట్టిన సరస్సు మీద నాలుగు పక్కలా కోసిన మంచుగడ్డ నీళ్లలో మెల్లగా ఊగుతోంది. రెండడుగుల మందం, తలుపంత పొడవు. కొక్కెం కర్రతో ఒక మూల అదిమి మంచు కిందికి తోసేస్తే పని అయిపోతుంది. పైకి లాగాలంటే మళ్లీ ముక్కలు కోసి, పట్టకారు వేసి, ఇద్దరూ నడుములు విరగ్గొట్టుకోవాలి.

"పైకే. లాగి చుట్టూ నిలబెట్టు," అంది బెర్నిటా.

"కన్నం మీద చేపలు పొడిచే గుడిసె పెడుతున్నాం కదా వదినా. మళ్లీ ఈ కోటగోడ ఎందుకు?"

"గుడిసె తీసేశాక ఎవరికి కనిపిస్తుంది?"

రోలండ్ మళ్లీ రంపం అందుకున్నాడు.

నిరుడు చలికాలం ఆఖర్లో బెర్నిటా కొడుకు కర్ట్ మంచుబండి మీద ఇంటికి వస్తూ, ఎవరో వదిలేసి పోయిన కన్నంలో పడిపోయాడు. కన్నం మీద పలుచటి పొర పేరుకుంది. దాన్ని కొత్త మంచు కప్పేసింది. పక్కన నిలబెట్టిన గడ్డ లేదు, గుచ్చిన కొమ్మ లేదు. ఆ కన్నం ఎవరిదో ఊళ్లో ఎవరికీ అంతుచిక్కలేదు.

రోలండ్‌కి తెలుసు. గడ్డని కిందికి తోసి, చేప రాలేదన్న విసుగులో గుడిసె లాక్కుని వెళ్లిపోయింది తనే. తర్వాత అన్న కొడుకు శవపేటికకి భుజం పట్టింది కూడా తనే. అన్న అంతకు ముందే పోయాడు. ఆ ఇంట్లో ఇక మిగిలింది వదినా తనూ.

ఒక్కొక్క ముక్కే పైకి వచ్చింది. నీలంగా, బరువుగా, నీళ్లు కారుతూ. బెర్నిటా వాటిని కన్నం చుట్టూ నిలబెట్టి, అడుగున తడిమంచు కూరింది.

"ఇన్నేళ్లుగా కూచుంటున్నావు, ఒక్క స్టర్జన్ చేప తోకైనా చూశావా?" అంది. "అవి కింద నుంచి నిన్ను చూసి నవ్వుకుంటూ పోతున్నాయి."

"నవ్వనీ. రేపు సీజను మొదలు కదా, నవ్వేదాన్నే పొడుస్తా."

"దీంతో పొడువు." బండిలోంచి పొడుగాటి ఈటె తీసి అతని చేతిలో పెట్టింది. కర్ట్ ఈటె. పిడికి చుట్టిన ఎర్ర టేపు అలాగే ఉంది.

రోలండ్ దాన్ని చప్పున గుడిసె గోడకి ఆనించేశాడు.

"నిరుడు నీ గుడిసె ఎక్కడ పెట్టావు రోలీ?"

"దక్షిణాన. రాళ్ల దగ్గర."

"ఉత్తరాన అనుకున్నానే."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదయ్యా. ఉత్తరం వైపు గడ్డ గట్టిదని మీ అన్న ఎప్పుడూ అనేవాడు. అందుకని అడిగా."

గాలి లేచింది. బెర్నిటా చేతి తొడుగులు దులుపుకుని తన బండి ఎక్కింది. ఊరి వాళ్లు పండగయ్యాక పారేసిన క్రిస్మస్ చెట్లని ఒడ్డు నుంచి సరస్సు నడుమ దాకా దారి గుర్తుగా పాతడం అక్కడి అలవాటు. ఏటా ఆ పని కర్ట్ చేసేవాడు. ఈ ఏడు బెర్నిటా చేసింది.

"నేను ముందు పోయి ఒడ్డున హోటల్లో సూప్ పెట్టమంటా. గుడిసె బిగించి చీకటి పడకముందే వచ్చెయ్." బండి కదిలించి, మళ్లీ ఆపింది. "రోలీ, చెట్లు వదలకు."

అతను గుడిసె బిగించాడు. మేకులు కొడుతున్నంతసేపూ ఆ ఈటె కంట్లో పడుతూనే ఉంది. జేబులో ఫోను మోగింది. వదిన. ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఏం అడుగుతుందో అని ఫోను కట్టేశాడు.

బయటికి వచ్చేసరికి గాలికి లేచిన మంచుతో లోకమంతా తెల్లగా అయిపోయింది. బండి ముందు భాగం కూడా సరిగా కనిపించడం లేదు. ఒక చెట్టు, ఆ తర్వాత ఇంకో చెట్టు. వాటిని పట్టుకుని నెమ్మదిగా సాగాడు.

సగం దూరంలో చెట్లు ఎడమకి తిరిగాయి.

బండి ఆపేశాడు. పొద్దున దారి తిన్నగా ఉంది. దిగి చూశాడు. తిరిగిన మొదటి చెట్టు మొదట్లో మంచు అప్పుడే తవ్వినట్టు వదులుగా ఉంది. ఎడమ వైపు అంటే ఉత్తరం. కర్ట్ పడిన చోటు అటే.

అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నిలబెట్టించిన గడ్డలు, గుడిసె గురించి అడిగిన మాట, చేతిలో పెట్టిన ఈటె, చెట్లు వదలకు అన్న ఆ గొంతు, వరసపెట్టి మోగిన ఫోను. ఆమెకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఆ చెట్ల చివర పలుచటి పొర కప్పుకుని ఒక కన్నం తన కోసం ఎదురు చూస్తోంది.

"ఎంత ఓపికమ్మా నీకు," అని గొణిగాడు.

చెట్లని వదిలేశాడు. పొద్దున వచ్చిన బండి జాడ అక్కడక్కడా లీలగా కనిపిస్తోంది. దాని మీదుగా బండి తిన్నగా తిప్పాడు. ఎదురుగా, దూరంగా హోటల్ ఎర్రదీపం మసకగా వెలిగింది. ఏడాదిగా గుండె మీద ఉన్న బరువేదో దిగినట్టయింది. ఆమె చంపాలనుకుంది, లెక్క సరిపోయింది, ఇక తను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వేగం పెంచాడు.

హోటల్లో బెర్నిటా కిటికీ పక్కన కూర్చుంది. ఎదుటి కుర్చీ ముందు సూప్ గిన్నె, చల్లారకుండా దాని మీద బోర్లించిన పళ్లెం. దారి చెట్లు చూసుకునే సంఘం పెద్ద ఓర్విల్ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.

"తిన్నగా పాతిన చెట్లు ఉత్తరానికి తిరిగాయేంటి బెర్నీ? ఎవడి పని?"

"నేనే మార్చాను," అంది బెర్నిటా కిటికీలోంచి చూపు తిప్పకుండా, "నేను తిరిగొచ్చేసరికి పాత దారికి అడ్డంగా గడ్డ పగిలి నీళ్లు తేలాయి, మా రోలీ ఇంకా రావాలి."