గాలికి కూడా కిరాయే

"ఆ మంచం రాదు," అంది కోడలు.

టేపు పట్టుకున్న మనిషి మంచం దగ్గర ఆగిపోయాడు. అత్త దాని మీదే కూర్చుని ఉంది. లేచే ఉద్దేశం ఆవిడకున్నట్టు లేదు.

"రాకపోతే ఏం చేస్తావే?"

"పాతసామాన్లవాడికి అమ్మేశాను. మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోతాడు."

"మరి నేనెక్కడ పడుకోవాలి?"

"నేలుంది కదా అత్తయ్యా. దాన్నెవరూ ఎత్తుకుపోరు."

టేపాయన తల వంచుకుని మంచాన్ని లెక్కలోంచి తీసేశాడు. ఇళ్ళు ఖాళీ చేయించి సామాన్లు చేరవేయడం అతని పని. సామాను కదిలిస్తే మనుషుల మధ్య దుమ్ము కూడా లేస్తుందని అతనికి తెలుసు. కానీ ముసలావిడ కిందనుంచి మంచం లాగేసే కోడల్ని చూడటం ఇదే మొదలు.

సామాను వెళ్ళాల్సింది సముద్రం మధ్య ఉన్న ద్వీపానికి. రేవుదాకా లారీ, అక్కణ్ణుంచి ఓడ. ఓడవాళ్ళు బరువు చూడరు, ఎంత చోటు పడుతుందో చూస్తారు.

"ఖాళీ డబ్బా ఎక్కించినా, నిండు డబ్బా ఎక్కించినా ఒకటే రేటమ్మా," అన్నాడతను వచ్చీ రాగానే. "లోపలున్న గాలికి కూడా కిరాయే."

అప్పట్నుంచీ కోడలు గాలి మీద పగబట్టింది. బిందెల్లో గిన్నెలు కుక్కింది. గిన్నెల్లో గ్లాసులు, గ్లాసుల్లో దారపు ఉండలు, సూదులు, మేకులు. ద్వీపంలో మేకు కావాలన్నా ఓడలో రావాల్సిందే, ధర రెట్టింపు. కుర్చీలు మాత్రం వద్దంది. అక్కడ చెక్క చవకట. అన్నీ ఒంటిచేత్తోనే సర్దుతోంది. కుడి మణికట్టుకి కట్టు ఉంది.

"చేతికేమైందమ్మా?"

"బాత్రూంలో జారాను."

"జారుతుంది," అంది అత్త మంచం మీదనుంచి. "ఈ ఇంట్లో ఆడవాళ్ళకి జారడం అలవాటే. దీని మామగారున్న రోజుల్లో నేనూ జారేదాన్ని. అయినా ఒక్కపూట వంట మానలేదు. ఈ మహారాణి చూడు, కట్టు చూపించుకుంటూ ఊరేగుతోంది."

కోడలు పళ్ళు కొరికింది. "మీ గంగాళం తీసుకెళ్తున్నాను. అక్కడ నీళ్ళు రోజూ రావట."

"అది మా పుట్టింటి గంగాళం!"

"తెలుసు. కాపురానికొచ్చిన రోజునుంచీ అదే పాట."

"విన్నావా నాయనా! మంచం అమ్మింది. గంగాళం లాక్కుంది. మొన్న నా గొలుసు కూడా అమ్మించింది, ఓడ టిక్కెట్లకట. ఇంక మిగిలింది ఒంటిమీద చర్మమే. అదీ ఒలిచిస్తానే, చెప్పులు కుట్టించుకో!"

"వద్దులెండి. మీ చర్మం గరుకు. కాళ్ళు కోసుకుపోతాయి."

టేపాయన దగ్గొచ్చినట్టు నటించి నవ్వు మింగాడు. తర్వాత మొత్తం లెక్క చెప్పాడు. కోడలి మొహం వాడిపోయింది.

"అంత ఇవ్వలేను. మొదటి జీతం వచ్చేదాకా అక్కడ అద్దె కట్టాలి, తినాలి."

"సారుకి అక్కడ ఉద్యోగమా అమ్మా?"

"ఉద్యోగం దొరికింది," అందామె ముక్తసరిగా.

"టిక్కెట్లు ఎన్ని తీసుకున్నారు?"

"రెండు. మూడోదానికి డబ్బుల్లేవు. ఉన్నా కొనను."

టేపాయన ముసలావిడ వంక చూడలేకపోయాడు. గోడవారనున్న ఇనుప బీరువా మీదికి టేపు చాపాడు.

"అది ఆయనది. ముట్టుకోవద్దు. ఆయన చేతిరుమాలు కూడా కదలకూడదు," అంది కోడలు. కాసేపు అటూ ఇటూ చూసింది. చివరికి కుట్టుమిషను మీద చెయ్యి వేసి, "దీన్ని తీసెయ్యండి," అంది. చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

అప్పుడు లేచింది అత్త.

"బుర్రలో ఉన్నదంతా గాలేనటే? దానిక్కూడా కిరాయి కడుతున్నావా? మిషను తీసేసి అక్కడేం కుడతావు, నీ నోరా? తల విప్పి గంగాళంలో పెట్టు. బల్ల ఇక్కడ పారెయ్. చెక్క చవకని నువ్వే కదా కూశావు!"

తనే వంగి మర విప్పింది. మిషను తలని తన పాత చీరల్లో చుట్టి గంగాళంలోకి దించింది. అచ్చు కొలత తీసి చేయించినట్టు కూర్చుంది.

టేపాయన మళ్ళీ లెక్క వేశాడు. ఈసారి కోడలు తలూపింది. అత్తకి ఒక్క మంచి మాటైనా చెప్పలేదు.

అతనికి మనసాగలేదు. "మామ్మగారిని కూడా తీసుకెళ్ళచ్చు కదమ్మా. ఏ మూలో పడుంటారు. పోనీ మామ్మగారూ, సారు వచ్చాక మీరే ఆయనతో చెప్పుకోండి."

పొద్దుట్నుంచీ మొదటిసారి రెండు నోళ్ళూ ఒకేసారి మూతపడ్డాయి.

ముందు తేరుకున్నది అత్తే. "నీ టేపుతో సామాన్లు కొలుచుకో. మనుషుల్ని కొలవకు."

"ఆయన ఆఫీసు వదిలేలోపు లారీ కదలాలి," అంది కోడలు.

సారు నేరుగా రేవుకొస్తాడు కాబోలు అనుకున్నాడతను. కన్నకొడుకు కంట పడకుండా తల్లిని బోడి ఇంట్లో వదిలేసి పోతోందన్నమాట. ఇలాంటి పాపిష్టి బేరం మళ్ళీ ఒప్పుకోకూడదని లెంపలేసుకున్నాడు. పాతసామాన్లవాడు వచ్చి మంచం మోసుకుపోయాడు. లారీ నిండింది. కోడలు డ్రైవరు పక్కకెక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. ముసలావిడ గుమ్మంలో ఒంటరిగా నిలబడి, ఆ ఖాళీ గదుల్ని కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఎక్కండి, ఇంకా ఎంతసేపు?" అని అరిచాడు డ్రైవరు.

టేపాయన లారీ వైపు ఒక అడుగు వేసేలోపే ముసలావిడ తలుపుకి తాళం వేసి, తాళంచెవిని కిటికీలోంచి లోపలికి విసిరేసి, అతన్ని పక్కకి నెట్టి తనే పైకెక్కి, కోడలి బాగున్న చెయ్యి వైపు ఇరుక్కుని కూర్చుని, "తొందరగా పోనివ్వు నాయనా, నా కొడుకొచ్చే వేళయింది," అంది.