చూడగలను, చూడను

"అమ్మా, మీకో మెయిల్ వచ్చి రెండు రోజులుగా ఆగి ఉంది. పెద్దాసుపత్రి నుంచి."

గుమ్మంలో నిలబడి, ఆయాసం తీర్చుకుంటూ చెప్పాడు సర్వర్ గది పెద్దాయన.

గుమాస్తా తలెత్తింది. ఆ చిన్నాసుపత్రి గుండె జబ్బుల విభాగంలో ఆ సీటుకి ఆమె వచ్చి నెల కూడా కాలేదు.

"నాకే రానిది మీకెలా తెలుసు?"

"ఏ మెయిలైనా ముందు సర్వర్‌కే వస్తుందమ్మా. అక్కణ్ణుంచి మీ పెట్టెలో పడుతుంది. మీ పెట్టె నిండిపోయింది. పాతవి కొన్ని తీసేస్తే ఇది దిగుతుంది. సర్వర్ ఐదు రోజులే ఆపుతుంది, తర్వాత పంపినవాళ్లకే తిప్పి పంపేస్తుంది."

"ఇంతకీ అందులో ఏముంది?"

"తెలీదమ్మా. ఎవరి నుంచి, ఎవరికి అన్నదే చూస్తాను."

"లోపల చూడలేరా?"

ఆయన గోడకు చెయ్యి ఆనించాడు.

"చూడగలను. చూడను."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

రోగుల వివరాలు, తను చెల్లెలికి రాసుకున్న ఇంటి గొడవలు, అన్నీ ఈయన చేతిలోనే ఉన్నాయన్నమాట. పైగా కదలడే. గోడ పట్టుకుని ఇంకా ఇటే చూస్తున్నాడు.

"తీసేస్తాలెండి. మీరెళ్లండి."

తీయలేదు. ఏ ఆనవాలు చెరిపేయడానికి తీయమంటున్నాడో!

"ఎలాంటి మనిషక్కా ఆయన?" పక్క సీటావిడను అడిగింది.

"ఎవరితోనూ కలవడు. నిరుడు నా మెయిల్ ఆగిందనీ ఇలాగే వచ్చాడు."

"చూశారా మరి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది."

గుమాస్తా అప్పటికప్పుడే ఆయన మీద ఫిర్యాదు రాసిచ్చింది.

సాయంత్రం పై అధికారి ఆయన్ని పిలిపించాడు.

"చూడగలనన్నావా?"

"అన్నానండి."

విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆయన వాదించలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, "ఆ అమ్మాయి పెట్టె మాత్రం ఖాళీ చేయించండి" అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

రెండు రోజులకు కొత్త టెక్నీషియన్ వచ్చాడు. ఆమె ముందే పాత మెయిల్స్ తీసేశాడు. ఆగినది దిగింది.

"ఇంకాస్త ఆలస్యమైతే వెనక్కి వెళ్లిపోయేదండీ."

ఆమె తెరిచింది.

'మీ రోగికి గుండె ఆపరేషన్‌కి చోటు దొరికింది. మంగళవారం ఉదయం పదింటికల్లా చేర్చండి. రాకపోతే ఆ చోటు తర్వాతివారికి ఇస్తాం.'

ఆ రోజు బుధవారం.

కింద రోగి పేరుంది. మొన్న ఫిర్యాదు కాగితం మీద ఆమె తన చేత్తో రాసిన పేరు అదే.