ఆదివారం దాకా

చెప్పేయాలి. ఆదివారం ప్రార్థన అవ్వగానే మిషన్ అధ్యక్షుడుగారి దగ్గరికెళ్లి, ‘నావల్ల కాదండీ, ఇంటికి పంపించేయండి’ అని ఒక్క ముక్కలో చెప్పేయాలి. మాట్లాడాలని కబురు ఎలాగూ పెట్టేశాడు. ముందు కాస్త ఉపోద్ఘాతం ఉండాలా? వద్దు. ఉపోద్ఘాతం మొదలెడితే ముందు తనే కరిగిపోతాడు...

“ఒరేయ్, తలుపు కొడతావా, తలుపు ముందు తపస్సు చేస్తావా?” అన్నాడు సీనియర్ వెనకనుంచి.

కుర్రాడు ఉలిక్కిపడి తలుపు తట్టాడు. తెల్లచొక్కా, నల్లటై, జేబు మీద పేరుబిల్ల. మోర్మన్ మిషనరీగా ఇల్లు వదిలి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పని. సైకిలు దిగడం, తట్టడం, నవ్వడం, మూసుకున్న తలుపుకి థాంక్స్ చెప్పడం. తనూ సీనియరూ ఎప్పుడూ జంటగానే తిరగాలి, ఒకరి కన్నుదాటి ఒకరు పోకూడదు. ఏడుపొస్తే ఏడవడానికైనా ఏకాంతం లేదు. ఇన్ని నెలల్లో అతని మాట విని ఒక్క ప్రాణి కూడా చర్చి గుమ్మం ఎక్కలేదు. అసలు బాధ అది కూడా కాదు. దేవుడి సంగతి చెబుతుంటే తన గొంతు తనకే రైల్వేస్టేషన్ ప్రకటనలా వినపడుతోంది.

తలుపు తీసింది ఒక ముసలాయన. కంటికి భూతద్దం. వెనక గోడనిండా రిపేరుకొచ్చిన గడియారాలు, దేని టైము దానిది.

“నమస్కారమండీ, మేము...”

“కనపడుతూనే ఉందిలే. బిల్ల మీద ‘ఎల్డర్’ అని రాశారు. పెద్దమనుషులన్నమాట! మీసాలు వెనక సామాన్లతో వస్తున్నాయా?”

సీనియర్ పగలబడి నవ్వాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

“రండి, ఇద్దరూ రండి. నిన్నే, నవ్వేవాడా!”

ఏ ఇంట్లో కూర్చోబెట్టినా ముందు కాఫీ ఇస్తామంటారు. మేం తాగమండీ అని చెప్పాలి, ఎందుకు తాగరో చెప్పాలి. ఆ సంజాయిషీతోనే సగం వేళ గడిచిపోతుంది. ఇక్కడ ఆ అవసరం రాలేదు. ముసలాయన రెండు గ్లాసుల చల్లటి నీళ్లు తెచ్చి పెట్టాడు.

“మా గురించి ఎప్పుడైనా విన్నారా తాతగారూ?”

“నువ్వు చెప్పు. నీ నోట వింటాను.”

కుర్రాడు మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. ముసలాయన ఓ గడియారం వెనకమూత విప్పుతూ విన్నాడు.

“బట్టీ బాగా పట్టావు. రేపు రా.”

మర్నాడు కొత్త ప్రశ్న. “మీ మతం పెట్టినాయన కుర్రతనంలో ప్రార్థనకి చెట్లలోకి వెళ్లాడన్నావే. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చుగా?”

అది పాఠంలో లేదు. “ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదండీ,” అనేశాడు కుర్రాడు. “మనిషికి ఒక్కోసారి ఎవరూ లేని చోటు కావాలి.”

ఆ గొంతు ఎవరిదా అని తనే ఆశ్చర్యపోయాడు. ముసలాయన భూతద్దం తీసి అతని మొహంలోకి చూశాడు.

గురువారం వానలో తడిసి వెళ్లారు. ఇద్దరికీ తువ్వాళ్లు ఇస్తూనే కుర్రాణ్ణి అడిగాడాయన. “ఇదంతా నువ్వు నమ్ముతున్నావా?”

“నమ్మకపోతే ఎందుకొస్తామండీ...” అని సీనియర్ అందుకోబోయాడు.

“నిన్నడగలేదు నాయనా. నువ్వు తల తుడుచుకో.”

గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. కుర్రాడికి తువ్వాలులో మొహం దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు.

“కొన్ని రోజులు నమ్ముతానండీ. కొన్ని రోజులు నమ్మినట్టు నటిస్తాను. ఈమధ్య నటనే ఎక్కువైంది.”

సీనియర్ తల తుడుచుకోవడం ఆపేశాడు.

“హమ్మయ్య! ఇప్పుడు మాట్లాడుతున్నావు,” అన్నాడు ముసలాయన. “ఆ నమ్మిన రోజుల గురించి చెప్పు.”

ఆ సాయంత్రం కుర్రాడు చాలాసేపు చెప్పాడు. అందులో బట్టీ ముక్క ఒక్కటీ లేదు. తిరిగి వెళ్తున్నప్పుడు సీనియర్ సైకిలు పక్కకి తెచ్చి, “నాకూ అంతేరా,” అని మళ్లీ ముందుకెళ్లిపోయాడు.

శనివారం గుమ్మంలో నిలబడి అడిగేశాడు. “రేపు చర్చికి వస్తారా తాతగారూ?”

“నువ్వుంటావా?”

“ఉంటానండీ.”

“ఆ పై ఆదివారం?”

“...ఉంటానండీ.”

“అయితే చూద్దాం.”

ఆదివారం చర్చి గుమ్మం దగ్గర అధ్యక్షుడుగారు భుజం తట్టారు. “ఏదో మాట్లాడాలన్నావట?”

ఇస్త్రీ కోటు వేసుకుని మెట్లెక్కుతున్న ముసలాయన కనపడ్డాడు.

“ఏం లేదండీ. మరిచిపోయాను,” అన్నాడు కుర్రాడు.

పరుగున వెళ్లి ఆయన్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తను పిలవగా వచ్చిన మొదటి మనిషి! పియానో మొదలైంది. కొత్తవాళ్లకి పేజీ దొరకదని, పాటల పుస్తకం తెరిచి, పంక్తి కింద వేలుపెట్టి మరీ చూపించాడు.

ముసలాయన ఆ పుస్తకం మెల్లగా మూసేసి, ఆఖరి చరణం దాకా ఒక్క మాట తప్పకుండా కళ్లు మూసుకుని పాడాడు.