గట్టి రబ్బర్లు

“కారా ఇది, పిండిమరా? కూర్చుంటే పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇంజన్ కింద మళ్ళీ ఆ మెత్తటి రబ్బర్లే వెయ్యి నాయనా,” అంది తల్లి మెకానిక్‌తో.

“గట్టివి వెయ్యమన్నది మీవాడేనమ్మా. ఇంజన్ అదురంతా బండిలోకొస్తుందని చెప్పినా వినలేదు.”

ఆమె డ్రైవరు సీట్లో ఉన్న కొడుకు మీద విరుచుకుపడింది. “ఇదేం మాయరోగంరా నీకు?”

కొడుకు తల వంచుకున్నాడు. “మెత్తటివైతే పెడల్ మీద పాదం ఉందో లేదో తెలియట్లేదమ్మా. గట్టివైతే అదురు మోకాలిదాకా వస్తుంది. దాన్నిబట్టి తెలుసుకుంటున్నా.”

తెరిచిన తలుపులోంచి ఆమె వంగి, అతని పాదాన్ని గోళ్ళు దిగేలా గిల్లింది.

కొడుకు మెకానిక్ వైపే చూస్తూ, “ఇవే ఉండనీ అన్నా. పొద్దున్నే బడిపిల్లల్ని దింపాలి,” అంటున్నాడు.