ఈశాన్యం కోత

"ఈ ఇంట్లో మగాడు నిలవడమ్మా," అన్నాడు రోశయ్య సిద్ధాంతి, చేతికర్రతో ఈశాన్యం మూల రెండుసార్లు తట్టి. "ఈశాన్యానికి కోత పడింది. ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో, ఇక వాళ్ళ ఖర్మ."

ఇంటావిడ చెంచమ్మ గోడ మీదున్న భర్త ఫొటో వైపు చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది.

సిద్ధాంతి వెనక నిలబడ్డ సాయిగణేష్ కూడా మొహం బాధగా పెట్టాడు. లోపల మాత్రం, ఈయనకిచ్చిన అయిదు వేలూ గిట్టుబాటయ్యాయనుకున్నాడు. "కాస్త గట్టిగా చెప్పండి, పక్కింటికి వినపడితే ఇక ఇంకెవరూ బేరానికి రారు" అని దారిలో నూరిపోసింది అతనే. సిద్ధాంతి మాట నిలబెట్టుకున్నాడు. ప్రహరీ అవతల అంట్లు తోముకుంటున్న ఆడవాళ్ళు చేతులాపి మరీ విన్నారు.

సాయిగణేష్ రియల్ ఎస్టేట్‌లోకి దిగి పదకొండు రోజులు. విజయవాడ హోటల్లో ఒక పూట క్లాసుకి పద్దెనిమిది వేలు కట్టి అతను నేర్చుకున్న విద్య ఏమిటంటే, ఇళ్ళ వ్యాపారం చేసేవాడు ఇల్లు కొనక్కర్లేదు. అడ్వాన్సిచ్చి అగ్రిమెంటు రాయించుకోవాలి, గడువులోగా ఆ కాగితాన్నే ఎక్కువ ధరకి ఇంకొకరికి అంటగట్టాలి. నలుగురి ఇళ్ళలోకి వెళ్ళొచ్చే మనుషుల్ని పట్టుకుంటే అమ్మకానికున్న ఇళ్ళు తెలుస్తాయని కూడా చెప్పారు. అతను కనిగిరి బస్టాండులో ఈ సిద్ధాంతిని పట్టుకున్నాడు. దర్శిలో ఈ ఇల్లుందని చెప్పింది ఆయనే.

"ముప్ఫై లక్షలు వస్తాయనుకున్నా నాయనా," అంది చెంచమ్మ.

"ఇంత దోషం పెట్టుకుని ముప్ఫై ఎవరిస్తారు పిన్నిగారూ? మీ మొహం చూసి ఇరవై రెండంటున్నా. ఇదిగో, రెండు లక్షలు అడ్వాన్సు. నలభై అయిదు రోజుల్లో మిగతాది కట్టకపోతే ఈ రెండూ మీవే. కాగితం మీద రాయిస్తా."

ఆ షరతు ఆవిడ అడగలేదు. అవతలివాళ్ళకి నమ్మకం కుదరడానికి అలా రాయించమని క్లాసులో చెప్పారు. ఆ రెండు లక్షలూ భార్య రాజేశ్వరి గాజులు తాకట్టు పెట్టి తెచ్చినవి. నెల తిరిగేసరికి ఎనిమిది లక్షలు తెస్తానన్నాడు. ఆమె ఒక్క ముక్క నమ్మలేదు, అయినా తీసిచ్చింది.

మొదటి బేరానికి పొదిలి నుంచి కోటేశ్వరి టీచరు, భర్తతో సహా వచ్చింది. వంటిల్లు నచ్చింది, బోరు నీళ్ళు తియ్యగా ఉన్నాయంది. అంతా బాగుందనుకుంటుండగా ప్రహరీ మీంచి ఒక తల లేచింది. "ఏం టీచరుగారూ, మగాడు నిలవని ఇల్లంటగా, చూసుకున్నారా?" ఆవిడ తన మగాణ్ణి రెక్క పట్టుకుని కారెక్కించింది.

వాస్తు పట్టింపు లేనివాళ్ళని పట్టాలన్న ఉపాయం సాయిగణేష్‌కి అప్పుడు తట్టింది. మిర్చి వ్యాపారి ఖాజావలి దగ్గరికి వెళ్ళాడు.

"మాకు వాస్తు లేదండీ," అన్నాడు ఖాజావలి.

సాయిగణేష్‌కి ప్రాణం లేచొచ్చింది.

"కాకపోతే రేపు నేను అమ్మాలంటే కొనేవాడికి ఉంటదిగా. పద్నాలుగుకైతే చూద్దాం."

రిటైరైన హెడ్మాస్టరు క్రీస్తుదాసు ఇంకా మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. "నాకు ఇలాంటి వాటిమీద నమ్మకం లేదు బాబూ. మా ఆవిడకుంది."

నలభయ్యో రోజున సాయిగణేష్ రోశయ్య సిద్ధాంతి కాళ్ళమీద పడినంత పని చేశాడు. "దోషం పోయిందని మీరే వచ్చి ఒక్క మాట చెప్పండి. పది వేలిస్తా."

"ఒకే నోటితో రెండు మాటలా?" సిద్ధాంతి చెవులు మూసుకున్నాడు. "నా విద్యకంటూ ఒక నీతి ఉంది బాబూ."

అయిదు వేలకు అబద్ధం చెప్పినవాడికి పది వేల దగ్గర నీతి గుర్తుకొచ్చింది. సాయిగణేష్ చేసేది లేక వెనక్కి తిరిగాడు.

గడువు చివరి రోజు మధ్యాహ్నం చెంచమ్మ గుమ్మంలో కూలబడ్డాడు. ఆవిడ ఇంత మజ్జిగ చేతిలో పెట్టింది.

"పిన్నిగారూ, మొత్తం అడగను. సగమైనా తిరిగివ్వండి. మా ఆవిడ గాజుల డబ్బులవి."

"అయ్యో నాయనా. నువ్వే రాయించావుగా, గడువు దాటితే నావేనని."

"పోనీ, గడువు ఒక్క నెల పెంచండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎట్టా కుదురుతుందయ్యా? రేపు పొద్దున్నే మార్కాపురం నుంచి ఇంకో అబ్బాయి వస్తున్నాడు, అడ్వాన్సు పట్టుకుని."

సాయిగణేష్ మజ్జిగ పక్కన పెట్టేశాడు. "ఈ ఇంటికా? ఈ పేరు పడ్డాక వాడు మాత్రం ఎవరికి అమ్ముతాడండీ?"

"అమ్మలేడు. నీకంటే ముందు ఇద్దరొచ్చారు, వాళ్ళూ అమ్మలేదు," అంది చెంచమ్మ, మా చేలో ఈసారి మిరప బాగా కాసిందన్నంత మామూలుగా.

"అంతా తెలిసి కూడా వాణ్ణి ఎవడు తీసుకొస్తున్నాడు?"

"ఇంకెవరు, రోశయ్యే. తోడబుట్టినోడు కదా నాయనా, మగదిక్కు లేని అక్కకి ఏడాదికి రెండు అడ్వాన్సులైనా చూడకపోతే ఎట్టా?"