అక్కకి అంటించిన బిళ్ల

అప్పటికి ఆటగాళ్లందరూ చెవి వెనక మనసు బిళ్ల అంటించుకోవడం మామూలైపోయింది. మనసులో ఉన్నది అది కోచ్‌కి చూపిస్తుంది; కలవరం కనిపిస్తే పోటీకి పంపరు. సెలక్షన్ దగ్గర పడేకొద్దీ వెయిట్‌లిఫ్టర్ హైమవతికి గుండెదడ ఎక్కువైంది. అందుకే బిళ్ల తీసి, ఎప్పుడూ నవ్వుతూ తనకి వండిపెట్టే అక్క సుగుణకి అంటించింది.

సాయంత్రం కోచ్ అప్పలస్వామి పరుగున ఇంటికొచ్చాడు.

“ఏటైందమ్మా? ఇంత దుఃఖం నేను ఏ పిల్ల బిళ్లలోనూ చూళ్లేదు. ఒక్కద్దానివే మోస్తన్నావేటి?”

హైమవతి తల వంచుకుంది. “అది నాది కాదు సార్. అక్కది.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన తిట్టినా బాగుండుననిపించింది హైమవతికి. తిట్టలేదు.

“మీ అక్కకేటి కష్టం?” అని మెల్లగా అడిగాడు.

పుట్టినప్పటి నుంచీ అక్క పక్కనే పడుకుంటున్న హైమవతికి జవాబు తెలియలేదు.