ఒంటిచేతి రూటరు

తిత్లీ తుపాను గాలి వెనకే వరదొచ్చి ఉద్దానం చేలన్నీ మునిగాయి కదా, అది గడిచిన అయిదో ఏట వేసవిలో జరిగింది ఇది.

పూండి స్టేషన్ దగ్గర సింహాచలం వడ్రంగి కొట్టు. ముందు కరెంటు స్తంభం, వెనక జీడితోట.

ఒకరోజు పొద్దున్నే భుజానికి సంచి తగిలించుకుని ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పేరు నిరంజన్ అన్నాడు. హరిశ్చంద్రపురం నుంచి పాసింజరులో వచ్చానన్నాడు.

సంచిలోంచి రూటరు తీసి బల్ల మీద పెట్టాడు. చెక్కకి గాడులు, అంచులకి నగిషీ తీసే మిషను.

అప్పుడు చూశాడు సింహాచలం. అతనికి ఎడమ మోచేతి కింద చెయ్యి లేదు.

రూటరు అడుగున ఉన్న గుండ్రటి పలక తీసేసి, ఇంకో పెద్ద పలక చేసి బిగించాలట. ఆ పలక ఎడమవైపు రెక్కలా సాగాలట. రెక్క మీద మొండిచెయ్యి ఆనించి నొక్కిపట్టి, కుడిచేత్తో మిషను నడుపుతాడట.

టెక్కలిలో కాదన్నారట. పలాసలోనూ కాదన్నారట.

సింహాచలమూ కాదన్నాడు. మిషను ఒకసారి కొరికిన మనిషిని మళ్ళీ మిషను దగ్గరికి రానివ్వకూడదని వడ్రంగుల్లో ఒక మాట ఉంది.

"రంపం మీద సెయ్యెట్టి ఎటు సూత్తన్నావు బాబూ? సినిమా గానీ ఆడుతుందేటి?"

నిరంజన్ తన మొండిచెయ్యి వంక చూసుకున్నాడు. చిన్నగా నవ్వాడు.

"ఉన్నదీ పోతే ఆ పాపం నా పలక మీదకొత్తాది. నానొల్లను," అన్నాడు సింహాచలం.

అతను వెళ్ళలేదు. గడప మీద కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా సింహాచలం చేసే పనే చూస్తూ ఉన్నాడు.

అన్నం వేళకి సింహాచలం విసుక్కున్నాడు.

"ఇంకా ఏటి?"

"ఊరకే కూకుంటే ఈ సెయ్యి కూడా నాది కాదేమో అనిపిత్తంది మావా. నువ్వు సెయ్యకపోతే నానే సేసుకుంటాను. ఒంటిసేత్తో సేసిన పలక ఎలాగుంటాదో నీకు తెలుసు."

తెలుసు. వంకర పలక మీద మిషను ఒరుగుతుంది. ఒరిగిన మిషను చేతిని వెతుక్కుంటుంది.

సింహాచలం అన్నం క్యారేజీ పక్కకు నెట్టి లేచాడు.

మందపాటి అక్రిలిక్ షీటు తీశాడు. అద్దంలా ఉంటుంది, కింద గీసిన గీత పైకి కనబడుతుంది. పాత పలకను దాని మీద పరిచి మరలు బిగించే బెజ్జాలు గుర్తు పెట్టాడు. షీటు పగలకుండా నిదానంగా డ్రిల్లు దించాడు. మర తలలు లోపలికి దిగిపోయేలా బెజ్జాల నోళ్ళు వెడల్పు చేశాడు. ఒక్క తల పైకున్నా చెక్కంతా గీరుకుపోతుంది.

ఆ గాలికి పడిపోయిన పనస దుంగ ఇంకా కొట్టు వెనక ఉంది. దాంట్లోంచి ముక్క కోసి, దొప్పలా తొలిచి, లోపల సైకిల్ ట్యూబు అంటించాడు. మొండిచెయ్యి అందులో పెట్టించాడు. తీయించాడు. మళ్ళీ తొలిచాడు. ఒరుసుకోదని నమ్మకం కుదిరాక దాన్ని రెక్క మీద బిగించాడు.

పలక అడుగున అరచెయ్యి రాసి చూశాడు. ఏదీ తగల్లేదు.

పనస చెక్క ఒకటి బల్లకి బిగించి, తాను గోడ స్విచ్చి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. ఏమన్నా అయితే ఆపేయడానికి.

నిరంజన్ ఒక్క క్షణం ఆగాడు.

"ఈ లైనులో కరెంటు సరిగ్గా ఉంటాదా మావా?"

"మా లైనుకేటి? ఆ వరదప్పుడు సుట్టుపక్కల ఊళ్ళకంటే ముందు మాకే ఎలిగింది. మరింక ఏ గాలికీ ఒరగనేదు ఆ స్తంభం."

తన బిడ్డను ఎవరో మెచ్చుకున్నట్టు అయింది నిరంజన్ మొహం.

మిషను అరిచింది.

మొండిచెయ్యి దొప్పలో ఒదిగింది. పలక చెక్కని కరుచుకుంది. పచ్చటి పొట్టు లేస్తుంటే గాడి ముందుకి సాగింది. తొణకలేదు, బెణకలేదు. లాగి పట్టిన దారంలా ఆ చివరికంటా వెళ్ళి ఆగింది.

సింహాచలం గాడి అంచు వెంట గోరు నడిపాడు. ఎక్కడా తట్టలేదు. ఆ గీత చెక్కతోపాటే పుట్టినట్టుంది.

తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ నిరంజన్ కొట్టు ముందు స్తంభం దగ్గర ఆగాడు. దాని మీద అరచెయ్యి ఆనించి, పాతిన రాట గట్టిగా ఉందో లేదో చూసినట్టు ఒక్కసారి నెట్టాడు. తీగల వైపు తలెత్తి చూశాడు. బండికి వేళయిందని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అన్నం దగ్గర ఈ సంగతంతా భార్య రత్నాలమ్మకి చెప్పాడు సింహాచలం. వరదప్పుడు అతను ఊళ్ళో లేడు. రోడ్లు తెగి టెక్కలిలో చిక్కుకుపోయాడు. రత్నాలమ్మ ఇక్కడే ఉంది.

"ఏ సెయ్యి నేదు?" అంది ఆమె.

"ఎడమది."

"స్తంభాన్ని నెట్టి సూసాడా?"

"సూసాడు."

ఆమె ముద్ద కంచంలో వదిలేసింది.

"బతికే ఉన్నాడన్నమాట."

తర్వాత ఆమె చెప్పిందంతా అతను తల దించుకుని విన్నాడు.

రోజూ కొట్టు తెరవగానే మిషన్లకి దండం పెట్టుకోవడం సింహాచలానికి అలవాటు. మర్నాడు పొద్దున్న తలుపు తీశాడు గాని లోపలికి వెళ్ళలేదు.

వరద బురదలో స్తంభం ఎత్తుతుంటే అది జారి, ఎడమచెయ్యి దాని కింద నలిగిపోయి, బండిలోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా "స్తంభం నిలబడిందా?" అని మాత్రమే అడిగిన అప్పట్లో ఎవరికీ పేరు తెలియని ఆ లైన్‌మేన్ నిన్న అరచెయ్యి ఆనించిన చోట, తన రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకున్నాడు.